ఏడో మనిషి

మెడ మీది చెమట తుడుచుకుని వెంకట్రాం పద్నాలుగో స్కాలర్‌షిప్ దరఖాస్తు తీశాడు. బట్టతల, మోచేతుల దగ్గర వెలిసిన చొక్కా, ఇరవై ఏళ్ల గుమాస్తాగిరీలో వంగిపోయిన వీపు. ఎవరి జోలికీ పోని మనిషి. ఎవరికీ గుర్తుండని మనిషి కూడా.

దరఖాస్తు ద్వాళిది. కొత్తగూడ అవతలి తండా నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. ఇంటి ఆదాయాన్ని మనుషుల సంఖ్యతో భాగించి చూస్తారు. ఏడుగురైతే స్కాలర్‌షిప్ వస్తుంది, ఆరుగురైతే పిల్ల చదువు మానాలి. రేషన్ కార్డులో ఆరుగురే ఉన్నారు. నాయనమ్మ చాందీ పడుకునేది పక్క గుడిసెలో, తినేది మాత్రం కొడుకు పొయ్యి మీద వండిందే.

నిరుడు ఎవరో లేని మనిషిని రాయిస్తే వెంకట్రాంకు మెమో వచ్చింది. పాలతో నోరు కాలినవాడు మజ్జిగనూ ఊదుకుని తాగుతాడు కదా. అందుకే పోయిన వారం ద్వాళి తండ్రి బాల్‌సింగ్‌తో, ముసలమ్మను కళ్లారా చూస్తేనే రాస్తానన్నాడు. ఇంట్లో మనుషుల లెక్క మారితే వెంటనే వచ్చి చెప్పాలని కూడా గట్టిగా చెప్పాడు.

ఈరోజు ఆఫీసు తెరిచే వేళకే ఆమె వచ్చింది. వానలు ముఖం చాటేసిన ఆగస్టు ఎండలో, బస్సు దొరక్క, జ్వరంతో, ఇద్దరు కొడుకుల వెంట తొమ్మిది మైళ్లు నడిచి వచ్చింది. చూసి రాయడం నిమిషం పని. వెంకట్రాం మాత్రం వరస తప్పడు. మూడింటి దాకా వరండాలో కూచోబెట్టాడు. పిలిస్తే గోడ పట్టుకుని లోపలికొచ్చింది.

"నేనే చాందీని బిడ్డా, జర సూడు" అని ముఖం ముందుకు పెట్టింది.

అతను ఆరు కొట్టేసి ఏడు వేశాడు, ఆమె వేలిముద్ర తీసుకున్నాడు.

ఐదింటికి బీరువాకు తాళం వేస్తుంటే బాల్‌సింగ్ ఒక్కడే తిరిగొచ్చాడు.

"మా యాడి... మా అమ్మ పోయింది సారూ. ఊరి బయట వాగు కాడ కూసున్నది, మల్ల లేవలే. తమ్ముణ్ని ఆడ ఉంచి వచ్చిన. మంది మారితె ఎంటనే చెప్పుమన్నరు గద. ఏడు కొట్టేస్తరా?"

వెంకట్రాం తాళంచెవి పక్కన పెట్టాడు. తల్లి శవాన్ని వాగొడ్డున ఉంచి, తన హుకుం పాటించడానికి వచ్చాడీ మనిషి. పొద్దున్నే ఒక్క నిమిషం తల ఎత్తి ఉంటే, ఆమె ఎండ ముదరకముందే ఇంటిదారి పట్టేది. చేతులు కాలాక ఆకులెందుకు?

"ముద్ర ఏసినప్పుడు ఎందరున్నరో గదే లెక్క. ఏడే ఉంటది. నువ్వు పో అన్నా."

అలాంటి రూలేదీ లేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి అబద్ధమాడినా గుండె బరువు తగ్గలేదు. తప్పు నాదే అనాలనుకున్నాడు. అనేలోపు బాల్‌సింగ్ దండం పెట్టి వెళ్లిపోయాడు.

వెంకట్రాం వరండాలోకి వచ్చాడు. ఆమె కూచున్న చోట మోదుగాకులో చుట్టిన జొన్నరొట్టె ఉంది, ఒక పక్క కొంచెం కొరికి.