టిఫిన్ డబ్బాలో తప్పిపోయిన దారి

నేను ఒక ట్రాకర్‌ని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదాన్ని. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను అడిగి, నన్ను మోసే మనిషి ఎక్కడున్నదీ సెకనుకోసారి రాసుకోవడం నా ఉద్యోగం. ఎందుకు పోతున్నావని అడిగే నోరు మాత్రం లేదు.

తిరుపతి దగ్గర ఒక కర్మాగారంలో పుట్టాను. మొదట ఒక క్యాబ్ కంపెనీ కొనుక్కుని డ్రైవరు సీటు కింద పెట్టింది. ఆయన టీ బండి ముందు తీరిగ్గా బిస్కెట్ ముంచుకుంటూ, "వచ్చేసిన సార్, సిగ్నల్ కాడున్న" అని ఫోన్లో చెప్పేవాడు. నిజం నాకు తెలుసు. అయినా ఆయన మీద ఏనాడూ కోపం రాలేదు.

ఆ కంపెనీ మూతపడ్డాక నన్నూ, నాలాంటివాళ్లను మరో నలభై మందినీ హైదరాబాద్ ఉత్తరపు శివార్లలోని ఒక పురపాలక సంఘం కొన్నది. దాని పేరు చెప్పను, నాకు ఛార్జింగ్ పెట్టిన ఇల్లు. అక్కడ పెద్ద రోడ్డుకు ఇటు గాజులగుట్ట కాలనీ, అటు విత్తనాల గోదాములు. మధ్యలో డివైడర్. ఒకచోట దాని రాళ్లు ఊడిపోయి సందు పడింది. ఆ సందును ఇనుప జాలీతో మూసేసి, కిలోమీటరు అవతల బస్టాపు దగ్గర మెట్ల వంతెన కట్టాలని ఇంజినీరు గారి ఆలోచన. ముందు జనం ఎటు నడుస్తున్నారో చూద్దామని, కొత్తగా చేరిన ప్లానర్ వైజయంతి మమ్మల్ని కాలనీ ఆడవాళ్ల మెడల్లో వేసింది.

నేను యాకమ్మ మెడలో పడ్డాను. యాభై దాటిన మనిషి. గోదాములో మక్క విత్తనాలు ఏరుతుంది. కుడి మోకాలు సరిగా వంగదు. ఎనిమిది కొట్టగానే గోదాము గేటు మూస్తారు, తర్వాత వస్తే లోపలికి రానివ్వరు. సందు ఆ గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంది. అది మూస్తే కిలోమీటరు అటు నడిచి, మెట్లెక్కి దిగి, మళ్లీ కిలోమీటరు వెనక్కి రావాలి. ఆ కాలుతో అయ్యే పని కాదు. జాలీ పడితే యాకమ్మ పని పోయినట్టే.

మొదటి రోజు పొద్దున రోడ్డు దగ్గరికి రాగానే ఆమె నన్ను మెడలోంచి తీసింది. "గీడ దాటుడు తప్పంట. నిన్ను జూసి ఫైన్ ఏస్తరేమో. జర పండుకో బిడ్డా" అంటూ స్టీలు టిఫిన్ డబ్బాలో, రొట్టెల మీద పెట్టి మూత బిగించింది. స్టీలు గోడల్లోకి ఉపగ్రహాల మాట వినపడదు. చీకట్లో మామిడికాయ తొక్కు వాసన పీలుస్తూ ఆమె ఉరుకులకు ఎగిరెగిరి పడ్డాను. గేటు దగ్గర బయటికి తీసి, ఒంటికంటిన నూనెను కొంగుతో తుడిచింది. నన్ను బిడ్డా అని పిలిచినవాళ్లు అంతకుముందు లేరు. ఆ క్షణం నుంచీ నేను యాకమ్మ మనిషినే.

రెండో రోజుకల్లా మా వాళ్లందరూ టిఫిన్ డబ్బాల్లోనే రోడ్డు దాటుతున్నారు.

వారం తర్వాత వైజయంతి మా రాతలన్నీ కంప్యూటర్లో పటం మీద పరిచింది. ఎర్రగీతలు రోడ్డు దాకా వచ్చి తెగిపోయాయి. అవతల గేటు దగ్గర మళ్లీ మొదలయ్యాయి. సందు దగ్గర చుక్క కూడా లేదు.

"సూశినవామ్మా, ఆడ ఒక్కరు గూడ దాటుతలేరు. మూసేద్దాం" అన్నాడు ఇంజినీరు.

"మరి అవతలికెట్ల చేరిన్రు సార్, ఎగిరిన్రా?"

"పాత సరుకు గదా, ఖరాబైనట్టున్నయి."

నేను ఖరాబా! ఆ అవమానం కంటే యాకమ్మను తలుచుకుంటేనే ఎక్కువ భయమేసింది. పాపం, తప్పించుకోవాలని దాచిన దారే ఆమెకు లేకుండా పోయేలా ఉంది.

వైజయంతి నన్ను చేతిలోకి తీసుకుని ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఇంకోదాన్ని, మరోదాన్ని. "సార్, ఇది తొక్కు. ఇది కోడిగుడ్డు కూర. ఇది చింతపండు పులుసు" అని పకపకా నవ్వింది.

మర్నాడు ఆమె పొద్దున్నే నన్ను తెచ్చి యాకమ్మ మెడలో వేసి వెంట నడిచింది. రోడ్డు దగ్గర యాకమ్మ చెయ్యి అలవాటుగా డబ్బా మూత మీదికి పోయింది.

"డబ్బాల ఎందుకు పెడుతున్నవమ్మా?"

యాకమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "తప్పయింది మేడం. కడుపు కోసం దాటుతున్న. ఫైన్ ఏయకుండ్రి."

"ఫైన్ కాదమ్మా. నువ్వు ఈడ దాటుతున్నవని పటం మీద పడితేనే ఈడ దారి పెట్టిస్తరు. దాచిపెడితే జాలీ కొడతరు."

యాకమ్మ నమ్మాలా వద్దా అన్నట్టు ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూసింది. చివరికి నన్ను రవిక మీద సరిగా సర్దుకుని వైజయంతి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఉరికారు. పదమూడు సెకన్లు. ప్రతి సెకనూ రాసుకున్నాను.

యాకమ్మ మిగతా ఆడవాళ్లకూ చెప్పింది. ఆ వారం మేమెవరమూ డబ్బాల్లోకి పోలేదు. పటం మీద సందు దగ్గర గీతలన్నీ కలిసి దట్టంగా ఎర్రగా కనిపించాయి. ఇంజినీరు చెడ్డవాడేమీ కాదు. పటం చూసి, స్వయంగా వెళ్లి ఆ పరుగులు చూసి, జాలీ ఫైలు పక్కన పెట్టి, ఆ సందు దగ్గరే నడిచేవాళ్లకు సిగ్నల్ పెట్టే ఫైలు మీద సంతకం చేశాడు.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బింది. ఆఫీసు అల్మరాలో తుక్కు బండి కోసం చూస్తున్నాను. నేను ఆఖరుగా రాసుకున్న ఉదయం ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

సిగ్నల్ పెట్టిన మొదటి రోజు అది. కొత్త దారి ఎలా ఉందో చూద్దామని వైజయంతి నన్ను మళ్లీ యాకమ్మ మెడలో వేసింది. ఎర్రలైటు పడి లారీలన్నీ ఆగాయి. యాకమ్మ మాత్రం కదలలేదు.

"నడువమ్మా, నీ కోసమే ఆగినయి" అంది వైజయంతి.

"నా కోసమా?"

తెల్లగీతల మీద అడుగులో అడుగేసుకుంటూ బయలుదేరింది. మొదటి లారీ ఎదుటికి చేరగానే తను ఆగి, డ్రైవరుకు రెండు చేతులూ జోడించింది. అతను సిగ్గుపడి హారన్ మీది చెయ్యి తీసి దండం పెట్టాడు.

ఆ రోజు రోడ్డు దాటడానికి ఆమెకు ముప్పై తొమ్మిది సెకన్లు పట్టింది. ఒక్క సెకను కూడా పరుగెత్తలేదు.