అత్తగారి వెన్నుముళ్ళు

మా ఆవిడ ఉన్నప్పుడు ఆదివారాలు ఇద్దరం అక్వేరియానికి వెళ్ళేవాళ్ళం. మూడో తొట్టెలో ఒక గోధుమరంగు గ్రూపర్ చేప ఉంది. రాతి కన్నం గుమ్మంలో కూర్చుని, కింది పెదవి ముందుకు చాపి, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ ఉంటుంది. దానికి 'అత్తగారు' అని పేరు పెట్టింది మా ఆవిడే. ఇప్పుడు నేనొక్కణ్ణే వెళ్తున్నాను. నన్ను చూడగానే అత్తగారు గుమ్మంలోకి వస్తుంది. అదీ ఒక పలకరింపే.

ఆ రోజు తొట్టెలు కడిగే అమ్మాయి ముఖం మాడ్చుకుని ఉంది.

"మధ్యాహ్నం బండి వస్తోంది బాబాయిగారూ. ఇది రాక్షస గ్రూపర్ పిల్లట. మనిషిని మించి పెరుగుతుందట. ఈ తొట్టె చాలదని వేరే ఊరు పంపించేస్తున్నారు."

అత్తగారు కూడా వెళ్ళిపోతే ఆదివారం ఎందుకు నాకు?

"ఎవరు తేల్చారు?"

"డైరెక్టరుగారే. ఒంటిమీద చారలు చూసి."

"చారలా! బెదిరితే ఒక రంగు, కుదుటపడితే ఒక రంగు. వాటినా నమ్మేది?"

నలభై ఏళ్ళ కిందటి జంతుశాస్త్రం డిగ్రీలో నాకు మిగిలిన నాలుగు ముక్కల్లో ఇదొకటి: వెన్ను రెక్కలో ముళ్ళు లెక్కపెట్టాలి. రాక్షస గ్రూపర్‌కి పదకొండు. పగడపు దిబ్బల కన్నాల్లో కాపురముండే ఒక చిన్న రకానికి తొమ్మిదే. అది మహా అయితే మూరెడు పెరుగుతుంది. ఆ మాటే అమ్మాయికి చెప్పాను.

"రెక్క ముడుచుకుని కూర్చుంది కదా, ఎలా లెక్కపెడతారు?"

"ఇంకో గ్రూపర్ తన కన్నం మీదికి వస్తే విప్పుతుంది."

ఆ అమ్మాయి సంచిలోంచి చేతి అద్దం తీసి గాజుకి ఆనించింది. "అత్తగారికి అత్తగారిని చూపిద్దాం ఉండండి!"

అత్తగారు చూసింది. రెక్క నిక్కబొడిచింది. అమ్మాయి రెండో చేత్తో ఫోనులో టకటకా ఫోటోలు తీసింది.

"తొమ్మిది!" ఇద్దరం ఒకేసారి అరిచాం.

డైరెక్టరుగారు వచ్చి, ఫోటో మీద పెన్నుమొన ఆనించి మూడుసార్లు లెక్కపెట్టారు. నవ్వేసి, బండి అక్కర్లేదని ఫోను చేశారు.

"ఇంకో సంగతమ్మా," అన్నాను అమ్మాయితో. "ఇవి ముందు ఆడగా ఎదుగుతాయి. పెద్దయ్యాక కొన్ని మగగా మారతాయి."

"అమ్మో, మా అత్తగారికి చెప్పకండి! ఇప్పటికే ఇంటి పెత్తనమంతా ఆవిడదే."

అద్దం తీసేశాక అత్తగారు గుమ్మంలో సర్దుకు కూర్చుని, పెదవి చాపి, మా ముగ్గురినీ ఎగాదిగా చూసింది. వచ్చే ఆదివారమూ చూస్తుంది.