లేని హీటరు

మెదడు కూడా ఒక కంప్యూటరే అని థియా నమ్మకం. ఆస్ట్రేలియాలో హోబర్ట్ విశ్వవిద్యాలయంలో జ్ఞాపకాల మీద ఆమె చేసే పరిశోధనంతా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. దాచింది దాచినట్టే ఉంటుంది, అడిగితే బయటికొస్తుంది, అడిగినంత మాత్రాన మారిపోదు.

కొత్తగా రాసుకున్న ప్రశ్నలను ముందు తండ్రి డెస్మండ్ మీద సరిచూసుకుంది. ప్రతి ఆదివారం ఆయనుండే ఆపిల్ తోటకు వెళ్లి, ఎప్పుడో పళ్ల షెడ్డు తగలబడిన రోజు గురించి అడిగేది. అది పిడుగు పడి అంటుకున్న మంట. డెస్మండ్ తమ్ముడు మెర్విన్ ఎడమ చెయ్యి అందులోనే కాలి, వేళ్లు ముడుచుకుపోయాయి.

ప్రశ్నల మధ్య జరగని సంగతొకటి కలపడం థియా వాళ్ల పరిశోధనలో ఒక పద్ధతి. చెప్పేవాళ్లు ఊహించి చెబుతుంటే దాంతో బయటపడుతుంది. "ఆ రోజు హీటరు ఆర్పావా?" అని కలిపింది. షెడ్డులో హీటరన్నదే లేదు.

మొదట్లో డెస్మండ్, "హీటరెక్కడిదే, నీ మొహం" అని నవ్వాడు. పోనుపోను జవాబు చెప్పేముందు ఆలోచించడం మొదలుపెట్టాడు. థియా దాన్ని పట్టించుకోలేదు.

ఈ ఆదివారం ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక, డెస్మండ్ తమ్ముడి వైపు చూడకుండా అన్నాడు.

"హీటరు ఆర్పకుండా వచ్చింది నేనేరా. ఆ నీలం మంట కళ్లకు కడుతోంది. నీ చెయ్యి నా వల్లే పోయింది."

మెర్విన్ ఫోర్కు కింద పెట్టాడు. "పిడుగు పడటం నా కళ్లతో చూశానన్నయ్యా. నీ బుర్రకు తుప్పు పట్టింది."

"నన్ను వెనకేసుకురావడం నీకు అలవాటేగా."

"నాన్నా, ఆ హీటరు నేను కల్పించిందే. ప్రశ్న కోసం."

"నా బాధ చూడలేక అంటున్నావులేమ్మా."

"షెడ్డులో అసలు కరెంటే లేదు కదా?" అన్నాడు మెర్విన్.

"గ్యాసుది," అన్నాడు డెస్మండ్ వెంటనే.

థియా తండ్రి మొహంలోకి చూసింది. కాదన్న ప్రతిసారీ ఆ హీటరు ఆయన కళ్ల ముందు ఇంకాస్త గట్టిగా వెలుగుతోంది. ఆఫీసులో అయితే ఆ ప్రశ్నను కంప్యూటరులోంచి ఒక్క మీట నొక్కి తీసేయగలదు.

డెస్మండ్ ఎన్నడూ లేనిది తమ్ముడి పళ్లెం తన వైపు లాక్కుని, మాంసం ముక్కలు కోయసాగాడు. ఆ కాలిన చేత్తోనే ఏళ్ల తరబడి గొర్రెల బొచ్చు కత్తిరించిన మెర్విన్ కోయనిచ్చాడు.

"ఇంకా చిన్నగా కోయనా?"

"చాలన్నయ్యా."