మూడు పటాలాలు, ఒక చేట

నాకు ముక్కు మీద కోపం. టెక్కలిలో ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ టీచరుగా చేశాను. మంగతాయారు టీచరు విరగ్గొట్టిన స్కేళ్ళకు లెక్కలేదని పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారట. అబద్ధం. విరిగినవి రెండే.

ఆ రెండో స్కేలు విరిగింది ఉదయ్ భాస్కర్ అనేవాడి వల్ల. వాడిప్పుడు హైదరాబాదులో ఆర్కిటెక్టు. వాడికో పిచ్చి ఉంది. రెండువందల ఏళ్ళ కిందట నెపోలియన్ చేసిన యుద్ధాలను పెద్ద బల్ల మీద తగరపు సిపాయిలతో మళ్ళీ ఆడుకుంటారట, వాడూ వాడి స్నేహితులూ. ఒక్కో సిపాయి బొటనవేలి గోరంత ఉంటాడు. ఆ గోరంత వాడికి టోపీ, కోటు, బూట్లు, తుపాకీ, వీపున మూట అన్నీ ఉంటాయి. అన్నిటికీ రంగులెయ్యాలి. రిటైరై కాశీబుగ్గలో ఉంటున్న నాకు వాడు మొదట ఒక యాభై పంపాడు. వేసి పంపాను. వాడి స్నేహితులు ముక్కున వేలేసుకున్నారట. వెంటనే పదహారు వందల మందికి బేరం పెట్టాడు. రెండు నెలలు గడువు. ఇవి బాగా వస్తే ఏడాది పొడుగునా పని ఉంటుందన్నాడు.

పదహారు వందలు! నా ఒక్కదాని వల్ల అయ్యే పనా? ఆ విచారంలో ఉండగానే కన్నమ్మ వచ్చింది.

కన్నమ్మ మా వీధి చివర జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలేరే మనిషి. ఊరు ఉద్దానం తీరాన, వజ్రపుకొత్తూరు వైపు. రోజూ మా గేటు ముందు నుంచే నడిచి వెళ్తుంది. అరుగు మీద ఆరబెట్టిన సిపాయిల్ని చూసి ఆగింది.

"ఇవేటి టీచరమ్మా? బొమ్మలకొలువుకి మరీ సిన్నవి గదా."

చెప్పాను. శ్రద్ధగా విన్నది. తరవాత గేటు పట్టుకుని అసలు మాట చెప్పింది.

"మా మావకి కిడ్నీలు పోయినాయి టీచరమ్మా. సోమ, బుధ, శుక్ర పలాస తెచ్చి రగతం కడిగించాల. వారానికి మూడ్రోజులు రానిదానివి నాకెందుకంటన్నాడు మేస్త్రీ. నెలాకరు దాకానే రమ్మన్నాడు. ఇంటికాడ కూకుని సేసుకునే పనుంటే ఇప్పించండి. మావతో ఎల్లొచ్చు, మావ కాడుండొచ్చు."

ఆ మొహం చూసి కాదనలేకపోయాను. మర్నాడే మాట ఇచ్చేశాను. కన్నమ్మ, వాళ్ళ పక్కింటి నీలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, అందరూ ఫ్యాక్టరీలో గింజలేరేవాళ్ళే. పని మొదలుపెట్టడానికి వారం రోజులు అక్కడ సెలవు చెప్పి వచ్చారు. పని చేసే చోటు కన్నమ్మ ఇంటి ముందు కొబ్బరాకుల పాక. అక్కడినుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది.

ఇటువంటి పనికి ఒక పద్ధతుంది. ఒక్కో సిపాయికి తల నుంచి కాలి దాకా వేసుకుంటూ పోతే జన్మలో తెమలదు. పదేసి మందిని ఒక బద్ద మీద జిగురుతో వరసగా నిలబెట్టాలి. ఒకరు కోట్లు మాత్రమే వేసి బద్దని పక్కవాళ్ళకి జరపాలి. వాళ్ళు బూట్లు, తరవాతి వాళ్ళు మొహాలు. ఒక మనిషికి ఒకటే రంగు. కన్నమ్మ మొగుడు బైరాగి కొబ్బరి మట్టలు చీల్చి నూట అరవై బద్దలు చేసిపెట్టాడు. ఆయన చేపల వేటకి వెళ్ళడం మానేసి ఏడాది దాటింది. మనిషి సగమైపోయాడు, మాట కూడా సగమైపోయింది. వల అల్లిన చెయ్యి కదా అని, గుండెల మీద ఒకదాన్నొకటి దాటుతూ ఏటవాలుగా వెళ్ళే తెల్ల పట్టీలు ఆయన్ని వెయ్యమన్నాను. నా నమూనా బొమ్మని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈలకి అటోటి ఇటోటి, రెండు జంజాలేటమ్మా? మీ పంతుళ్ళకే ఒకటి గదా ఉంటాది."

ఏడాదిలో మావ హాస్యమాడ్డం అదే మొదలని కన్నమ్మ తరవాత చెప్పింది.

సిపాయిలు మూడు సంచుల్లో వచ్చారు. మూడు దేశాల పటాలాలు. అందరూ నెపోలియన్ వైపే. మూడు సంచుల్లోనూ అవే టోపీలు, అవే భంగిమలు. ఫ్రెంచి వాళ్ళు ఎనిమిది వందల మంది, కోటు నీలం. ఇటలీ వాళ్ళు ఐదు వందలు, ఆకుపచ్చ. నేపుల్స్ వాళ్ళు మూడు వందలు, తెలుపు. రంగు పడక ముందు తేడా అంతా చొక్కా చేతి మడత దగ్గరే. అదీ భూతద్దం పెట్టి చూస్తేనే కనిపిస్తుంది. రంగు వేసే ముందు సబ్బునీళ్ళతో కడగాలి, లేకపోతే రంగు పట్టదు. "ఇవన్నీ శుభ్రంగా కడిగి ఆరబెట్టండర్రా" అని చెప్పి, నా కళ్ళు చూపించుకోడానికి శ్రీకాకుళం వెళ్ళిపోయాను. మూడు సంచులూ వేరువేరుగా ఉంచమని చెప్పానా? చెప్పలేదు. తెలుస్తుందిలే అనుకున్నాను. తెలుస్తుందిలే అనుకోవడం టీచరు చెయ్యకూడని పని.

మర్నాడు మంగళవారం వెళ్ళేసరికి పాకలో నలుగురి మొహాలూ వెలిగిపోతున్నాయి. చాప మీద ఆరు రాశులున్నాయి. తుపాకీ భుజాన పెట్టుకున్నవాళ్ళు ఒక రాశి, నడుస్తున్నవాళ్ళు ఒక రాశి, గురిపెట్టినవాళ్ళు ఒకటి, డప్పులవాళ్ళు ఒకటి, కత్తి పట్టిన దొరలు ఒకటి. చివర తుపాకీ మొన వంగిన వాళ్ళు వేరుగా.

"జీడిపప్పు ఏరినట్టే, గుండు గుండుకే, బద్ద బద్దకే, ముక్క ముక్కకే ఏరేసినామమ్మా" అంది నీలమ్మ. "సంచులు మూడూ సేటలో బోర్లించి, కడిగేసి, ఒక్క పూటలో అయిపోనాది."

మూడు పటాలాలూ ఒక్క చేటలో కలిసిపోయాయి. జీడిపప్పైతే ఏ బస్తాదైనా ఒకటే, గింజ సైజే కావాలి. వీళ్ళు ఇరవై ఏళ్ళు చేసిన పని అదే మరి. ఆ మాట ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది.

"ఏటే ఇది! ఎవరు ఏరమన్నారు మిమ్మల్ని? కడగమంటే కడిగి ఊరుకోవాలి గానీ! మీ చేతులకి జీడిపప్పు తప్ప ఇంకేం తెలుసే!"

కన్నమ్మ తన చేతుల వంక చూసుకుంది. బైరాగి లేచి సముద్రం వైపు వెళ్ళిపోయాడు. ఆ మాట ఎంత తప్పో ఆ క్షణంలోనే తెలిసింది నాకు. అయినా వెనక్కి తీసుకోలేదు. అహం అడ్డొచ్చింది.

ఇంటికి వచ్చి ఉదయ్‌కి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"ఒక్కొక్కణ్ణీ భూతద్దం కింద పెట్టి చూడాలి టీచర్. మీ కళ్ళకి నెల పడుతుంది. ఇంక గడువుకి అవదు. శనివారం నేనొచ్చి సంచులు తీసుకుపోతాను. మీరేం బాధపడకండి."

బాధపడకండంటే మరీ బాధ. నాకేం, పింఛనొస్తుంది. కన్నమ్మకి నెలాఖరు ఇంక పది రోజులే. మాట ఇచ్చిందాన్ని నేను, చెప్పాల్సింది చెప్పకుండా పోయిందాన్నీ నేనే.

బుధవారం బైరాగికి డయాలసిస్. మధ్యాహ్నం తిరిగి వెళ్తూ కన్నమ్మ మా ఇంటికి వచ్చింది. బైరాగి ఆటోలోనే కూచున్నాడు. ఉదయ్ చెప్పింది చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"మూడు రకాలూ అద్దంలో సూసి తలో పదీ ఏరి ఇయ్యగలరా టీచరమ్మా? తప్పు లేకుండా?"

"ఎందుకు?"

"ముందు ఇయ్యండి."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి భూతద్దం పట్టుకుని కూచుని ముప్పై మందిని ఏరేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. కన్నమ్మ ఆ పదేసి మందినీ ఒక్కొక్క గుప్పెటలో పోసుకుని, వేళ్ళతో దొర్లిస్తూ కూచుంది. కిందికి చూడలేదు. బైరాగికి అన్నం పెట్టింది, నీలమ్మతో మాట్లాడింది, చెయ్యి మాత్రం దొర్లిస్తూనే ఉంది. గంట గడిచాక అంది.

"ఒక్క కొలిమిలోవి కావమ్మా ఇవి. నీలాలోలు రవ్వంత బరువు, కాళ్ళ కింద పలక గరుకు. ఆకుపచ్చోల మూట మూలలు సేతికి గుచ్చుకుంతాయి. తెల్లోలు మరీ నున్నగా, సబ్బుముక్కలాగున్నారు."

నేనూ పట్టి చూశాను. నాకు మూడూ ఒకటే. కళ్ళతో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషిని, వేళ్ళకింత చదువుంటుందని నాకు తెలీదు. రెండొందల నలభై రకం గింజకీ, మూడొందల ఇరవై రకం గింజకీ తేడా ఎంతని? పౌనుకి ఇన్ని తూగుతాయన్న లెక్క మీద పెట్టిన పేర్లవి. గింజకీ గింజకీ మధ్య ఆవగింజంత తేడా. దాన్ని ఇరవై ఏళ్ళుగా ఈ వేళ్ళు తూకం లేకుండా చెబుతున్నాయి.

"కన్నమ్మా, మొన్న నేనన్న మాట తప్పు" అన్నాను. "మీ చేతులకేం తెలుసన్నాను. నాకే తెలీదు."

"కోపంలో అన్నారు, పోనియ్యండి" అంది. తరవాత మెల్లిగా, "కానీ మా మావ ఆ రాత్రి అన్నం తిన్లేదు" అంది.

బైరాగి దగ్గరికి వెళ్ళి ఆయనకీ చెప్పాను, తప్పయిందని. ఆయన తల ఊపి, మట్ట బద్దలు ఎండలోంచి తీసి లోపల పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం నుంచి కన్నమ్మ ఒక్కతే ఏరింది. మిగతావాళ్ళు ముట్టుకుంటే ఒప్పుకోలేదు. శుక్రవారం పొద్దున్న బైరాగితో పలాస వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి మళ్ళీ కూచుంది. శనివారం పొద్దెక్కేసరికి చాప మీద మూడు రాశులున్నాయి.

ఉదయ్ కారు దిగి పాకలోకి వచ్చాడు. నుదుటికి పెట్టుకునే భూతద్దం తెచ్చుకున్నాడు. నీలం రాశిలోంచి ఇరవై తీశాడు, ఆకుపచ్చలోంచి ఇరవై, తెలుపులోంచి ఇరవై. అడుగునుంచీ తీశాడు, అంచునుంచీ తీశాడు. ఒక్కటీ తప్పలేదు. మళ్ళీ ఇరవయ్యేసి తీశాడు. చివరికి రాశులు లెక్కపెట్టించాడు.

"ఎనిమిది వందలు. మూడు వందలు. ఇటలీ వాళ్ళు ముగ్గురు తక్కువున్నారే?" అన్నాడు.

కన్నమ్మ కొంగు ముడి విప్పింది. అందులో ముగ్గురు సిపాయిలున్నారు.

"ఈ ముగ్గురూ నాకు తెలీదు బాబూ. తూకం ఆకుపచ్చోలదే. ఈపు మీద మూట మాత్రం ఆలది కాదు. తెలీందాన్ని తెలిసిందాంట్లో కలిపితే రాశంతా సెడిపోతాది. అందుకే ఏరుగా ఎట్టినాను."

ముగ్గురి కోసం పని పోతుందా అనుకున్నాను. ఉదయ్ ఆ ముగ్గుర్నీ భూతద్దం కింద అటూ ఇటూ తిప్పాడు. తరవాత భూతద్దం నుదుటి పైకి జరిపి కన్నమ్మ వంక చూశాడు.

"వీళ్ళు ఇటలీ వాళ్ళు కాదు, స్పెయిన్ వాళ్ళు. ఆ కంపెనీ వాడే పొరపాటున వేరే అచ్చువాళ్ళని ముగ్గుర్ని సంచిలో వేశాడు. నేనూ సంచి తెరిచి చూశాను గదా, నాకు తెలీలేదు!"

"ఆ కంపెనీవోడు మరీ సెడ్డ మేస్త్రీ" అంది నీలమ్మ. అందరం ఒక్కసారిగా నవ్వేశాం, బైరాగితో సహా.

ఉదయ్ సంచులు తీసుకుపోలేదు. గడువు ఇంకో పది రోజులు పొడిగించాడు. పోతూ పోతూ కారు దగ్గర నాతో అన్నాడు.

"టీచర్, హైదరాబాదులో మా జట్టువాళ్ళ ఇళ్ళల్లో కలిసిపోయిన సిపాయిలు డబ్బాలకి డబ్బాలు మూలుగుతున్నాయి. విడదీసే దిక్కు లేక ఏళ్ళుగా అలా వదిలేశాం. ముందు ఏరి, తరవాత రంగులేసి ఇవ్వగలరా? ఏడాది కాదు, ఎన్నేళ్ళయినా పనే."

"నన్ను కాదు, ఆవిణ్ణి అడుగు" అన్నాను.

వాడు వెనక్కి వెళ్ళి కన్నమ్మని అడిగాడు. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది: సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున పూట పాకలో ఉండకపోతే ఫరవాలేదా అని.

పదహారు వందల మందీ గడువుకి నాలుగు రోజుల ముందే తయారయ్యారు. బైరాగి వేసిన తెల్ల పట్టీలు ఒక్కటి కూడా వంకర పోలేదు. తరవాతి నెలలోనే హైదరాబాదు డబ్బాలు దిగాయి.

మొన్న సోమవారం ఆకుపచ్చ రంగు అయిపోయిందన్న సంగతి చెప్పడానికి నేను ఆసుపత్రికే వెళ్ళాను. కన్నమ్మ డయాలసిస్ గది బయట బెంచీ మీద ఉంది. గాజు తలుపు అవతల బైరాగి పడుకుని ఉన్నాడు, చేతికి గొట్టాలు. ఆవిడ ఒళ్ళో కలగాపులగం సిపాయిల మూట, పక్కన నోరు తెరిచిన నాలుగు గుడ్డ సంచులు. వేళ్ళు మూటలోకి వెళ్తున్నాయి, వస్తున్నాయి, సంచుల్లో వేస్తున్నాయి. కళ్ళు మాత్రం గాజు తలుపు మీంచి కదల్లేదు.

"ఇక్కడ కూడా పనేనా? కాసేపు ఊరుకోరాదూ" అని కసిరాను. అలవాటు పోదు కదా.

"ఏరడానికి కళ్ళక్కర్లేదు గదా టీచరమ్మా" అంది ఇటు తిరక్కుండానే. "అందుకే అవి మావ కాడ ఎట్టినాను."

నేను పక్కన కూచున్నాను. మూటలోంచి ఒక సిపాయిని తీసి వేళ్ళ మధ్య అటూ ఇటూ దొర్లించాను. ఎంతసేపు చూసినా ఏ పటాలం వాడో తెలీలేదు. ఆవిడ అరచేతిలో పెట్టాను. బైరాగి వంకే చూస్తూ, తీసుకుని మూడో సంచిలో వేసింది.