వేడి బూడిద

నేను ఒక ఎండిన సొరకాయను. లోపలి గుజ్జు తీసేసి, మూతికి గుడ్డ కుక్కి, మెడకు తాడు కట్టి వాడుకునే బుర్రను. కూరకు పనికిరాకుండా ముదిరిపోయాను గనుక ఇన్నాళ్లు బతికాను. లేతగా ఉన్న నా తోడబుట్టినవాళ్లు ఎప్పుడో పులుసులో ఉడికిపోయారు.

నన్ను ఇలా చేసింది కొమురవ్వ వాళ్ల అత్త. తీగ మీదనే ఎండనిచ్చింది. కోసి, నానబెట్టి, సన్న కర్రతో లోపలంతా గీకింది. బొబ్బర విత్తనం పోసి, కట్టెల పొయ్యికి సరిగ్గా పైన దూలానికి వేలాడదీసింది. ఆ బొబ్బర కాయ మూరెడు పొడుగు. ఊళ్లో ఆ ఇంట్లో తప్ప ఆ విత్తనం లేదు. ముసలామె పోయే ముందు నన్ను పెద్దకోడలు కొమురవ్వ చేతిలో పెట్టి ఒకటే మాట అంది: "అడిగినోళ్లకు ఇత్తనం లేదనకు బిడ్డా."

కొమురవ్వ లేదనలేదు. ఫాల్గుణం రాగానే, పెరళ్లలో ఎండాకాలపు కూరగాయలు పెట్టే రోజుల్లో, ఆడవాళ్లు కొంగు పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాళ్లు. ఆమె నన్ను దించి, గింజలు చేటలో పోసి, చల్లటి బూడిద పట్టించి గుప్పెడు గుప్పెడు ఇచ్చేది. తీసుకున్నవాళ్లు ఒక్క కాయ కూడా విత్తనానికి విడిచేవాళ్లు కాదు. ఆఖరి కాయ దాకా తిని, మళ్లీ ఏడు మళ్లీ వచ్చేవాళ్లు.

"తినేతందుకు నోరున్నది గని దాసేతందుకు చెయ్యి లేదా మీకు?" అని తిట్టేది కొమురవ్వ. తిడుతూ లోపల ఎంత మురిసేదో దూలం మీది నుంచి చూసిన నాకు తెలుసు. ఏడాదికొకసారి ఊరంతా ఆమె గడప తొక్కాల్సిందే మరి.

పక్క పెరడు యారాలు సత్తెవ్వది. యారాలంటే తోడికోడలు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు నడుమ ముళ్లకంప వేసుకున్నారు. సత్తెవ్వది వేరే పద్ధతి. బీరకాయ గాని, వంకాయ గాని, తొలి కాపు కోయదు. వాటికి ఎర్రగుడ్డ పీలిక కట్టి విత్తనానికి విడుస్తుంది. ఒక ఫాల్గుణంలో ఆమె కూడా వచ్చి గడపలో నిలబడింది.

"నాకూ గిన్ని బొబ్బెర్లు పెట్టక్కా. ఈసారి పందిరేసిన."

కొమురవ్వ నన్ను దించి చేటలో గింజలు వంపింది. ఈమెకు ఇస్తే మళ్లీ ఏటి నుంచి ఊరికి విత్తనానికి రెండు గడపలు. లేదందామంటే అత్త మాట అడ్డం. పొయ్యిలో నిప్పులు పక్కకు జరిపి, అడుగున సెగలు కక్కుతున్న బూడిదను గరిటెతో తీసి గింజల మీద పోసింది. కలియబెట్టింది. రంగు మారకముందే జల్లించి తీసింది. చల్లారాక చూస్తే ఎప్పటి గింజల్లాగే ఉన్నాయి.

"మంచిగ మొలవాలె చెల్లె," అంటూ కొంగులో పోసింది.

నాకున్నది ఒకటే మూతి. ఏది పోస్తే అదే బయటికొస్తుంది. మనుషులు అలా కాదని ఆ పూట చూశాను.

మొలవలేదు. మళ్లీ ఏడు సత్తెవ్వ మళ్లీ అడిగింది. మళ్లీ అదే బూడిద. మూడో ఏడు రాలేదు. "నా చేతిల ఏం లేదక్కా. ఇత్తనం పెడితే మట్టయితుంది," అని కంప అవతలి నుంచి నవ్వి, బీర, వంగ కూడా మానేసి, ఆ జాగాలో బర్రెకు కొట్టం వేసుకుంది. పందిరి గుంజలే కొట్టానికి నిలబెట్టింది.

ఇంకొన్నేళ్లకు కొమురవ్వ ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చింది. కట్టెల పొయ్యి పగలగొట్టి, మసిగోడలకు సున్నం వేశారు. కళ్లమంట తప్పిందని అందరికంటే ఎక్కువ సంబరపడ్డది ఆమే. నన్ను శుభ్రంగా తుడిచి నడింట్లో మేకుకు తగిలించింది. ఇన్నేళ్లు గింజలను కాచింది ఆ పొగేనని ఆమెకు తట్టలేదు. వానాకాలం దాటకముందే నా లోపల కరకర మొదలైంది.

ఫాల్గుణంలో నన్ను చేటలోకి వంపితే పిండి రాలింది. గింజ గింజకూ బొక్క. పురుగులు చేట అంచులెక్కి నడిచాయి. కొమురవ్వ చేట పక్కన పెట్టి లేచింది. తన చేత్తో విత్తనం ఇచ్చిన ఇల్లిల్లూ తిరిగింది.

"ఇంకేడియి కొమురక్కా, తింటిమి గద! ఇప్పుడన్నీ పొట్లాల ఇత్తనాలేనాయె."

చివరికి నన్ను చంకన పెట్టుకుని యారాలి గడప తొక్కింది. అడగడం ఆమెకు అలవాటు లేదు. "చెల్లె, నీ దగ్గర ఏమన్న..." అంటూ ఆగిపోయింది.

"ఉన్నయక్కా!" సత్తెవ్వ ముఖం వెలిగిపోయింది. పెట్టె అడుగు నుంచి గుడ్డమూట తీసి విప్పింది. "రెండోపారి ఇచ్చినయి సగమే పెట్టిన. నా చేతికి మొలువయని సగం దాసిన. సూడు, ఒక్క బొక్క లేదు. పురుగు సుత ముట్టలే!"

నిజమే. గింజలు నున్నగా మెరుస్తున్నాయి. వాటిలో ప్రాణమున్నప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

"నువ్వే పెట్టక్కా. నీది సల్లని చెయ్యి."

కొమురవ్వ గింజలు నాలో పోయించుకుని ఇంటికొచ్చింది.

సత్తెవ్వ వెనకే గంపెడు పేడ ఎరువు మోసుకొచ్చింది. కంప జరిపి, తనే పాదులు తవ్వింది. దిష్టి తగలకుండా నాకు సున్నం బొట్లు పెట్టి పందిరి గుంజకు కట్టింది. కొమురవ్వ ఒక్కో పాదులో రెండేసి గింజలు పెట్టి మట్టి కప్పింది.

నేటికి పద్దెనిమిది రోజులు. బొబ్బర మొలవడానికి అయిదు రోజులు చాలు. పొద్దున్నే కంప దగ్గర గొంతు వినిపిస్తుంది.

"మొలిసినయా అక్కా?"

"ఇంకా లేదు చెల్లె."

"నీళ్లు బందు పెట్టకు. ఇయ్యాల గాకుంటె రేపు."

కొమురవ్వ తల ఎత్తదు. తడిగానే ఉన్న పాదులో ఇంకో చెంబెడు పోస్తుంది.