తాటిచెట్టు నుంచి మూడో సమాధి

ఫ్లోరెన్సుకు ఒక పని చెబితే పక్కనున్న పది పనులు కూడా నెత్తినేసుకుని, ఆనక నడుం నొప్పి అని మంచమెక్కుతుంది. ఇది ఆమె భర్త బెన్సన్ పెళ్ళైనప్పటి నుంచీ అంటున్న మాట. ఇందులో అబద్ధమేమీ లేదు. ఈస్టరుకు చుట్టాలంతా కలుస్తాం, వంశవృక్షం ఒకటి గీసిపెట్టమని కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆమెను అడిగారు. ఆ చెట్టుకు మొదట్లో ఉండాల్సిన జ్ఞానదాసు తాత ఏ సంవత్సరంలో పుట్టాడో, ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. ఆనందపురం దాటి లోపలికి వెళితే, జీడితోటల మధ్యనున్న సమాధుల తోటలో ఆయన రాయి ఉంది. దాని మీదుంటుంది, చూసి రావడమే. ఆ కాస్త పనికి వెళ్ళిన మనిషి, తోటలో ఉన్న సమాధులన్నిటి మీదా ఏమేం రాసుందో పుస్తకంలోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.

ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఫ్లోరెన్సు స్టీలుప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేసి రిటైరైంది. ఇంజనీర్లు గీసిన పటం మీద పల్చటి కాగితం పరిచి, కింద ఉన్న గీతనే పైన గీయడం ఆమె ఉద్యోగం. కింద ఏముంటే అదే గీయాలి, సొంత తెలివి చూపించకూడదు. అలా పనిచేసిన కళ్ళకు చెరిగిపోతున్న పేరు కనబడితే ఊరుకోబుద్ధి కాదు. ఆ పేరుగల మనిషి మనవలు ఎక్కడో ఉంటారు, ఏదో ఒకనాడు వెతుక్కుంటూ వస్తారు, అప్పటికి రాయి మీద ఏమీ మిగలదే అని ఆమె బెంగ.

అక్కడ చదవనివ్వనిది సున్నం. ఏటా ఈస్టరు ముందు రోజు చర్చి సంఘంలోని కుర్రాళ్ళు బకెట్లతో దిగి, దిమ్మె, శిలువ, పేరు చెక్కిన రాయి అని చూడకుండా తోటంతా ఒకటే ఊపున సున్నం కొట్టేస్తారు. ఏడాదికేడాది ఆ సున్నం పేరుకుని అక్షరాల గుంటలు పూడిపోతాయి. మర్నాడు చుట్టాలు వచ్చి, ఆరీ ఆరని సున్నం మీద నీలిమందుతో ఎవరి మనిషి పేరు వాళ్ళు రాసుకుంటారు. అంటే రాయి చెప్పేది ఎవరూ వినరు, బతికున్నవాళ్ళు చెప్పిందే రాయి వినాలి.

గోకితే రాయి పెచ్చులూడుతుంది కాబట్టి ఫ్లోరెన్సు ఒక ఉపాయం కనిపెట్టింది. రాతి మీద బకెట్టు నీళ్ళు నెమ్మదిగా పోస్తుంది. ఎండకు పైనున్న పల్చటి సున్నం ముందు ఆరుతుంది. గుంటల్లోని మందం సున్నం ఇంకా తడిగా ఉండి, అక్షరాలు బూడిదరంగులో పైకి తేలతాయి. కాసేపే. ఆ కాసేపట్లో ఫోటో తీసి, చదివి, రాసుకోవాలి. నీళ్ళు మోసేది బెన్సన్. కూర్మన్నపాలెం నుంచి ఇంత దూరం వచ్చి చచ్చినవాళ్ళకు స్నానాలు చేయిస్తున్నానని ఆయన గొణుక్కుంటూనే మోశాడు. పైగా ఒక్కో పేరు తేలినప్పుడల్లా ఆమె కంటే ముందు తనే వంగి చూసేవాడు.

ఆ చివర గోడవార వరస మర్నాటికి వదిలి, ఆ రోజుకు ఆఖరుగా జ్ఞానదాసు తాత రాయి ఉంచుకుంది. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తెలియజెప్పినావిడ పెద్దమ్మ కనకరత్నం, జ్ఞానదాసు పెద్ద కూతురు, ఫ్లోరెన్సు తల్లికి అక్క. తండ్రి పోయినప్పుడు ఆవిడ చిన్నపిల్ల. తల్లి ఇద్దరాడపిల్లల్నీ తీసుకుని పోర్టు దగ్గరకు వెళ్ళి, గోనెసంచులు కుట్టి పెంచింది. మళ్ళీ ఈ తోటకు వచ్చేసరికి కనకరత్నానికి నడివయసు వచ్చింది. అప్పటికి ఇదంతా తుప్పలు. అయినా తడుముకోకుండా, తాటిచెట్టు నుంచి మూడోది మా నాయినదని చూపించేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాబట్టి ఎవరూ ఎదురడగలేదు. జ్ఞానదాసు ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశకుడే గానీ, పెరట్లో చాటుగా చుట్ట కాల్చేవాడట. పొయ్యిలోంచి నిప్పు తెచ్చిచ్చేది కనకరత్నమే. అందుకని ఏటా ఈస్టరునాడు ఆవిడ రాతి మీద నీలిమందుతో తండ్రి పేరు రాసి, పూలు పెట్టి, పాస్టరుగారు అటు తిరిగినప్పుడు ఒక చుట్ట కూడా పెట్టేది. తర్వాత అందర్నీ దూరం పొమ్మని, దిమ్మె మీద చెయ్యేసి కూర్చుని చాలాసేపు ఏదో చెప్పుకునేది.

ఆ సమాధి పక్కన ఒక మనిషికి సరిపడా జాగా ఖాళీగా ఉంది. తను పోయాక అక్కడే పెట్టాలని కనకరత్నం సంఘపెద్దల చేత ఒప్పించుకుంది. ఇప్పుడావిడ ఫ్లోరెన్సు ఇంట్లోనే ఉంటోంది, ఎనభై దాటింది. దగ్గొచ్చినప్పుడల్లా, నన్ను నాయిన పక్కన పెడతారు గదా అని అడుగుతుంది. పెడతామంటే దగ్గు తగ్గుతుంది. ఆవిడకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఫ్లోరెన్సు రచ్చంతా గెలిచొచ్చి ఇంటి దగ్గర బోల్తా పడింది. మూడో సమాధి మీద నీళ్ళు పోసి నిలబడింది. పెద్దమ్మ కిందటేడు రాసిన నీలిఅక్షరాల అడుగు నుంచి, వాటితో ఏమాత్రం కలవని గుండ్రటి అక్షరాలు తేలాయి. గంగాలమ్మ. ప్రభువునందు నిద్రించినది. ఆమె నమ్మలేక మళ్ళీ నీళ్ళు పోయించింది. మళ్ళీ గంగాలమ్మే.

బెన్సన్ బకెట్టు కింద పెట్టి, మీ తాత ఆడమనిషా అని అడిగాడు. ఫ్లోరెన్సుకు నవ్వు రాలేదు. పక్క దిమ్మె మీద కూర్చుండిపోయింది.

తోటను ఆనుకునే జీడితోట. అక్కడ రాలిన పళ్ళు ఏరుతున్న ఒక ముసలామె ఇదంతా చూసి, గంప దించి నెమ్మదిగా వచ్చింది. పేరు సువార్తమ్మ, ఆ ఊరిదే. రాతి వంక, ఫ్లోరెన్సు మొహం వంక చూసి, దొరికిపోయిన పిల్లలా తల దించుకుంది.

"అది మాయమ్మదండి," అంది.

ఫ్లోరెన్సు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని సంగతంతా అడిగింది. ఆ ఊళ్ళో తాటిచెట్లకేం కరువు. తోటకు ఈ చివరొకటి, ఆ చివరొకటి ఉండేవి. ఆ చివరది ఎప్పుడో గాలివానకు పడిపోయింది. కనకరత్నం తిరిగొచ్చేసరికి మిగిలింది ఈ చివరదే. ఆవిడ దీని నుంచి లెక్కపెట్టుకుంది.

"మరిన్నాల్లూ ఎందుకు సెప్పలేదప్పా?" అని అడిగింది ఫ్లోరెన్సు.

"ఎలా సెప్తామమ్మా? నానొచ్చీసరికి ఆ పెద్దామె దీని మీద సెయ్యేసి నాయినా నాయినా అని ఏడుత్తంది. నీ బాబు కాదు, మాయమ్మని సెప్పడానికి నోరొత్తాదా? పోనీ ఆమె ఎల్లాక సెప్దామంటే, సూద్దును గదా, రాయి మీద సుట్ట. మాయమ్మకి సుట్టంటే పేనం. అడ్డపొగ తాగీది. ఇంక నానేటి సెప్పను?"

ఆ పక్కల ఆడవాళ్ళు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు, దాన్నే అడ్డపొగ అంటారు. అంటే ఏటా ఉపదేశకుడి కోసం పెట్టిన చుట్ట చేరవలసిన చోటికే చేరింది. బెన్సన్ అటు తిరిగి భుజాలు కదుపుతున్నాడు. ఈసారి ఫ్లోరెన్సుకూ నవ్వాగలేదు.

సువార్తమ్మ కథ అక్కడితో అయిపోలేదు. తల్లి సమాధిని ఎవరో పూలు పెట్టి చూసుకుంటుంటే, తాము చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆ ఇంట్లోవాళ్ళకు తప్పనిపించింది. ఆ చివర గోడవారన, పడిపోయిన చెట్టు మోడు నుంచి మూడో సమాధి ఉంది, దానికెవరూ రారు. ఆవిడ మాయమ్మను చూస్తోంది, దిక్కులేని సమాధిని ఒకదాన్ని మేమూ చూడకపోతే న్యాయమా అనుకుని, అప్పటి నుంచీ ఆ సమాధికి పూలదండ వేసి, నాలుగు జీడిపళ్ళు పెట్టి వస్తున్నారు. అది ఎవరిదో వాళ్ళకు తెలియదు. ఏ పేరూ రాయలేదు.

ఆ గోడవార సమాధికి నీళ్ళు పోసింది ఫ్లోరెన్సే, బెన్సన్‌ను పోయనివ్వలేదు. ఎండ ఏటవాలుగా పడుతోంది. ముందు జ్ఞానదాసు అన్నది తేలింది, కింద ఉపదేశకుడు అని, దాని కింద వంశవృక్షానికి కావలసిన రెండు తేదీలూ. ఆమె ఏడ్చింది. తమవాళ్ళెవరూ తొంగిచూడని మనిషికి ఊళ్ళోవాళ్ళు తెల్లటి సున్నం కొట్టి, దండలేసి ఉంచారు. సిగ్గు, సంతోషం ఒక్కసారే వచ్చాయి. కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. ఇటు గోడ, అటు ఎవరిదో పసిపిల్ల సమాధి. కనకరత్నానికి జానెడు జాగా లేదు.

దారి పొడుగునా మొగుడూ పెళ్ళాలకు వాదన. ఈ వయసులో పెద్దమ్మకు ఈ మాట చెబితే మంచం పట్టేస్తుంది, చెప్పొద్దని బెన్సన్. అక్షరాలు కళ్ళారా చూసిన మనిషిని తనే, రేపు పెద్దమ్మ పోతే, తండ్రి పక్కనే పెట్టామని అందరి ముందూ ఎలా అబద్ధమాడనని ఫ్లోరెన్సు. కింద ఒకటుంటే పైన ఇంకోటి గీయడం తన చేత కాదు. ఇంటికెళితే పెద్దమ్మ దగ్గుతూ, నాయిన రాయి చదివేవా అని అడిగింది. రేపు నువ్వే చదువుదువు గాని, రమ్మంది ఫ్లోరెన్సు.

మర్నాడు పొద్దున్నే కారులో తీసుకెళ్ళారు. కనకరత్నం ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, కొంగున చుట్ట కూడా ముడేసుకుని వచ్చింది. ఇవాళ ఈస్టరు కాదు కదా అంటే, ఉత్త చేతులతో ఎలా వెళ్తామంది. మూడో సమాధి ముందు కుర్చీ వేశారు. ఫ్లోరెన్సు నీళ్ళు పోసి, రాతికి అడ్డం రాకుండా పక్కకు జరిగింది.

కనకరత్నం ముందుకు వంగి, అక్షరం వెంట అక్షరం వేలితో తడుముతూ చదివింది. చదవడమయ్యాక కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. ఈలోగా రాయి ఆరిపోతోంది, గంగాలమ్మ పేరు తెల్లగా మాసిపోయింది.

"నాయినేడే మరి?" అంది చాలా చిన్న గొంతుతో.

గోడవారకు నడిపించుకెళ్ళారు. అక్కడా నీళ్ళు పోశారు. ఆవిడ తండ్రి పేరు చదివి, రాతిని రెండు చేతులా పట్టుకుంది. సువార్తమ్మ పెట్టిన జీడిపళ్ళు చూసింది, ఎవరు పెట్టారని అడిగింది. ఫ్లోరెన్సు మొదటి నుంచీ చెప్పింది, చుట్ట సంగతితో సహా. అడ్డపొగ అన్న మాట దగ్గర పెద్దమ్మ పెదవి కొస వణికింది. ఏడుపో నవ్వో తెలియలేదు. తర్వాత అటు గోడను, ఇటు పసిపిల్ల సమాధిని చూసుకుంది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. అనవసరంగా చెప్పాను, ముసలి ప్రాణాన్ని నిలువునా కూల్చేశాను అనుకుంది ఫ్లోరెన్సు.

కనకరత్నం కొంగుముడి విప్పి చుట్ట తండ్రి రాతి మీద పెట్టింది. ఇన్నేళ్ళూ పొగ లేకుండా ఉన్నావు, కాల్చుకో నాయినా అంది. పిమ్మట బెన్సన్ చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచి, కుర్చీలో కాకుండా, ఎప్పట్లాగే గంగాలమ్మ దిమ్మె మీదే కూర్చుంది. చెయ్యి కూడా ఎప్పట్లాగే రాతి మీద వేసింది.

"ఫ్లోరెన్సూ, మీ పెదనాన్నతో నాను పడ్డ పాట్లన్నీ ఏటేటా ఇక్కడే సెప్పుకునీదాన్ని," అంది. "అదీ సగమే. ఎంతైనా నాయిన గదా, కూతురి బాదలన్నీ ఇని ఏటి సేత్తాడని మిగతా సగం మింగీసీదాన్ని. అయినా ఎల్లినప్పుడు బరువుగా ఎల్లి, తేలిగ్గా తిరిగొచ్చీదాన్ని. ఇన్నది ఆడమనిసని ముందే తెలిత్తే మొత్తం సెప్పీసుందును."

పెద్దమ్మ పక్కనున్న ఖాళీ జాగాను చేత్తో రెండుసార్లు తట్టింది, పరుపు మెత్తగా ఉందో లేదో చూసుకున్నట్టు.

"జాగా మార్సొద్దు. నాయిన్ని సూసుకునీవోల్లు ఉన్నారు. నన్నీమె పక్కనే పెట్టండి. ఆ మిగతా సగం తీరిగ్గా సెప్పుకుంటాను."

అప్పటికి సువార్తమ్మ జీడితోటలోంచి వచ్చి, ఏమంటారోనని దూరంగా నిలబడి ఉంది. కనకరత్నం ఆమెను దగ్గరకు పిలిచి, పక్కన కూర్చోమంది. తండ్రికి దండలేసినందుకు ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. సువార్తమ్మ సిగ్గుపడిపోయి, తన నడుం దగ్గర దోపుకున్న చుట్ట తీసి తల్లి రాతి మీద పెట్టింది. ఇద్దరు ముసలాళ్ళూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి కనకరత్నానికి ఏదో అనుమానమొచ్చింది.

"మీయమ్మకి సెవులు సరిగ్గా ఇనపడీవా?"

"సెవులకేటండి, బాగానే ఇనపడీవి," అంది సువార్తమ్మ. "నోటికే తెరిపుండీది కాదు. ఒకల్ని మాటాడనిచ్చీది కాదు."

కనకరత్నం తల పంకించి, దీని గురించి నిదానంగా ఆలోచించింది.

"పర్నేదు," అంది. "వంతులేసుకుంటాం."