పచ్చి ఇటుకలు బయటికి

గోడ కూలినప్పుడు నేను ఇటుకలు దించుతూ అక్కడే ఉన్నాను. కళ్లారా చూసిందే చెబుతున్నాను. తాపీమేస్త్రీ పైవరుస పెడుతుంటే అతని తమ్ముడు కింద నిలబడి తట్ట అందిస్తున్నాడు. గోడ నడుములో ఇటుకలు పిండిలా రాలాయి. తమ్ముడి రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. గంట తిరక్కుండా పోలీసులొచ్చి ఎవర్ని పట్టుకుపోయారనుకున్నారు? మేస్త్రీని. గోడ వంకరగా కట్టాడట. కాంట్రాక్టరు చెప్పాడు, వాళ్లు రాసుకున్నారు.

ఆ ఇటుకలు చేసింది ఆ కాంట్రాక్టరు యార్డులో పనిచేసే మేమే. కూల్చేసిన ఇళ్ల పెళ్లలు నలగ్గొట్టి, బాయిలర్ బూడిదా కాస్త సిమెంటూ కలిపి అచ్చులో నొక్కుతాం. ఊరు పారేసిన దాన్ని మళ్లీ గోడగా నిలబెడుతున్నామని మాకూ గర్వమే. కానీ ఆ ఇటుకని రెండు వారాలు తడపాలి. కాంట్రాక్టరు నాలుగో రోజే లారీ ఎక్కించేవాడు. అవి పచ్చివి, గోటితో గీకితే రాలిపోతాయి.

ఇక మా నిర్వాకం వినండి. దొంతి పేర్చేటప్పుడు గట్టివి అంచులకి పెట్టి, పచ్చివి నడుమ దాచేవాళ్లం. సరుకు వెనక్కి రాకూడదు, మాకు తిట్లు పడకూడదు. ఏళ్ల తరబడి అలాగే పేర్చి అదే పనితనం అనుకున్నాం. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మర్నాడు కాంట్రాక్టరు యార్డుకొచ్చాడు. "రేపు ఇంజినీరు తనిఖీ. ఇటుక బాగుంటే తప్పు మేస్త్రీదేనని తేలిపోతుంది. దొంతులు మీ పద్ధతిలో పేర్చండి, మీకు నేను నేర్పాలా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

అన్నాలవేళ మేస్త్రీ భార్య రేకుల షెడ్డులోకి వచ్చింది. ఏడవలేదు. "మా ఆయన పనితనం మీకు తెలీదా? మీ ఇటుక సంగతి మీకు తెలీదా?" అంది.

మిషన్ తిప్పే మామే జవాబు చెప్పాడు. "తెలుసమ్మా. నోరు విప్పితే యార్డు మూసేస్తాడు. నలభై ఇళ్లు వీధిన పడతాయి."

దొంతులు పేర్చడంలో మాకందరికీ పెద్ద మా పిన్ని. అన్నం గిన్నె పక్కన పెట్టింది.

"విప్పకపోతే రేపు ఇంకో గోడ పడుద్ది, ఇంకో మేస్త్రీని పట్టుకుపోతారు. ఏం బావా, పచ్చి ఇటుక చేయించింది వాడు. దాచింది ఎవరు? నేను కాదూ? నువ్వు కాదూ?"

"ఇంజినీరు ముందు నిలబడి మాట్లాడేదెవరే?"

"మాట్లాడక్కర్లేదు. పేరుద్దాం, తిరగేసి."

మామ తల గోక్కున్నాడు. "పని పోయాక పిల్లలకి నువ్వే వండి పెడుదువుగాని," అని గొణుగుతూ లేచాడు. అతని వెనకే అందరం లేచాం. పొద్దుగుంకేలోగా యార్డులోని పదకొండు దొంతులూ విప్పి, పచ్చివి అంచులకి వచ్చేలా పేర్చాం.

పొద్దున ఇంజినీరు ఓ దొంతి మీద చెయ్యి ఆనించాడు. అంచు ఊడి అతని బూట్ల మీద పడింది. పక్క దొంతి ముట్టుకున్నాడు. అదీ అంతే. కాంట్రాక్టరు మొహం పాలిపోయింది. చెవిలో ఏదో ఊదితే ఇంజినీరు గడియారం చూసుకుని, "మధ్యాహ్నం మళ్లీ వస్తాను, సరిగ్గా సర్దించండి," అన్నాడు. చూశారా, చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ? కళ్లెదుట రాలింది కూడా మళ్లీ వచ్చేసరికి గట్టిపడాలట.

కాంట్రాక్టరు మనుషులు మమ్మల్ని గేటు బయటికి గెంటారు. మేస్త్రీ భార్యతో సహా అక్కడే బైఠాయించాం. సరుకు పాడుచేసిందని పిన్ని మీద కేసు పెట్టి పోలీసు జీపు రప్పించారు. దొంతులు సర్దడానికి కాంట్రాక్టరు తన ఇంకో యార్డు నుంచి పాతికమంది కూలీల్ని లారీలో దింపాడు. వాళ్లకీ మాకూ ముఖపరిచయం కూడా లేదు. పిన్ని జీపు దగ్గర ఆగి వాళ్ల వైపు తిరిగింది.

"తమ్ముడూ, ఈ పచ్చి ఇటుకకే ఒక మనిషి కాళ్లు పోయాయి. తప్పు కట్టిన మేస్త్రీదేనంటున్నారు."

వాళ్లలో పెద్దాయన ఓ ఇటుక తీసి గోటితో గీకాడు. బూడిద రాలింది. తనవాళ్ల మొహాలు చూశాడు.

"మా యార్డులోనూ ఇవేనక్కా," అన్నాడు.

ఇటుక కింద పెట్టి, కండువా దులుపుకుని గేటు దాటి వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్కరే మిగతా వాళ్లూ వచ్చారు. కాంట్రాక్టరు తిడుతూనే ఉన్నాడు. పిన్నిని ఎక్కించుకుని జీపు వెళ్లింది. మేం జరిగి వాళ్లకి చోటిచ్చి, ఇంజినీరు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.